అయిదుగురికి అయిదు బంతులు

నిజాంపేటలో మా అపార్టుమెంట్ల వెనకాల ఒక బాస్కెట్‌బాల్ కోర్టు ఉంది. పూర్తి కోర్టు కాదు, సగమే. ఒకటే బోర్డు, ఒకటే రింగు. నేలకి మాత్రం నీలం, ఎరుపు రంగులు వేసి అద్దంలా ఉంచారు. రాత్రి పదింటి దాకా లైట్లు వెలుగుతూనే ఉంటాయి. సాయంత్రం నడక అయ్యాక ఆ కోర్టు పక్కన సిమెంటు బెంచీ మీద కాసేపు కూర్చోవడం నాకు అలవాటు. పోయిన నెల దాకా ఆర్నెల్లపాటు అక్కడ రోజూ ఒకటే దృశ్యం. అయిదుగురు పిల్లలు వస్తారు. అయిదుగురి చేతుల్లో అయిదు బంతులుంటాయి. ఎవడి బంతి వాడు నేలకేసి కొట్టుకుంటాడు, ఎవడి బంతి వాడు రింగు మీదికి విసురుకుంటాడు, అది ఎటు దొర్లినా వాడే పోయి తెచ్చుకుంటాడు. గంటన్నర అయ్యాక చెమటలు తుడుచుకుని ఇళ్ళకి పోతారు. ఆ గంటన్నరలో ఒకడి చేతిలోంచి ఇంకొకడి చేతిలోకి ఒక్కసారి కూడా బంతి వెళ్ళదు.

దాన్ని ఆట అనడానికి నాకు నోరు రాదు. ఒకే చోట నిలబడి అయిదుగురు ఎవరికి వారు చేసుకునే కసరత్తు అది.

మా రోజుల్లో బంతి ఒక్కటే ఉండేది. ఆడేవాళ్ళు ఇరవై మంది. 1969లో నేను కృష్ణా జిల్లాలో ఎనిమిదో తరగతి చదువుతున్నాను. మా హైస్కూలు బంతి తోలుది. లోపల బ్లాడరు, పైన లేసు. వానలో తడిస్తే ఇటుకరాయిలా బరువెక్కేది. కుట్లు విడితే ఊళ్ళో చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి పట్టుకెళ్ళి, ఆయన పని ముగించేదాకా ఎదురుగా గొంతుక్కూర్చునేవాళ్ళం. కోర్టు మట్టిది. శనివారం శనివారం నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టి, సున్నంతో గీతలు గీసేవాళ్ళం. అది కూడా ఆటలో భాగమే. గీతలు గియ్యనివాడికి ఆ వారం ఆడే హక్కు లేదు.

మట్టి నేల మీద బంతి సరిగ్గా ఎగరదు. ఒకచోట మోకాలి దాకా లేస్తుంది, ఇంకోచోట చచ్చినట్టు పడి ఉంటుంది. అందుకని బంతి కొట్టుకుంటూ కోర్టు ఈ చివరనుంచి ఆ చివరకి పోదామంటే కుదిరేది కాదు. పక్కవాడికి ఇవ్వాల్సిందే. మా డ్రిల్ మాస్టారు మద్రాసు వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాలలో చదువుకుని వచ్చినవాడు. 1920లో హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ స్థాపించిన కాలేజీ అది. తెలుగు నేల మీద ఎన్నో బళ్ళకి డ్రిల్ మాస్టార్లని ఇచ్చిందది. మా మాస్టారు రోజూ మొదటి అరగంట బంతిని నేలకి తాకనిచ్చేవాడు కాదు. తాకిందా, ఈల ఊదేవాడు. తాకించినవాడు బయట. “నేలకి కొడితే బంతి నీ దగ్గరికే వస్తుందిరా, మనిషికి ఇస్తే ముందుకి పోతుంది” అనేవాడు.

ఆయన దగ్గర ఇంకో నియమం ఉండేది. బంతి బుట్టలో వేసినవాడు గంతులెయ్యకూడదు. వెనక్కి తిరిగి, తనకి బంతి అందించినవాడి వైపు చెయ్యి చూపించాలి. చూపించకపోతే ఆ బుట్ట లెక్కలోకి రాదు. మాస్టారి నోటుపుస్తకంలో ఎవరెన్ని వేశారన్నది ఉండేది కాదు. ఎవరు ఎన్నిసార్లు అందించారన్నదే ఉండేది. ఎన్నేళ్ళయినా నేను మరిచిపోలేని పుస్తకం అది.

ఈ ఆట ఎలా పుట్టిందో కూడా మాస్టారే చెప్పారు. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, వైఎంసీఏ వాళ్ళ శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు దీన్ని తయారుచేశాడు. చలికాలం, బయట ఆడలేని రోజులు. పీచు పళ్ళ బుట్టలు రెండు తెచ్చి పది అడుగుల ఎత్తున బిగించాడు. అటు తొమ్మిదిమంది, ఇటు తొమ్మిదిమంది. 13 నియమాలు రాసి గోడకి పెట్టాడు. ఆ 13 నియమాల్లో డ్రిబ్లింగ్ అన్న మాటే లేదు. బంతి పట్టుకున్నవాడు దానితో పరిగెత్తకూడదు, పట్టుకున్న చోటునుంచే విసరాలి. అంటే బంతి ముందుకి పోవాలంటే ఒకటే దారి: సాటివాడు. ఆ ఆట పుట్టుకలోనే ఇవ్వడం ఉంది. నేలకి కొట్టుకుంటూ పోవడం తరవాత వచ్చి చేరింది. మా కోర్టు పిల్లలు ఆ తరవాత వచ్చిందాన్నే మొత్తం ఆట అనుకుంటున్నారు. వాళ్ళకి అలా నేర్పినవాళ్ళ మీదే నా కోపం.

1978లో నేను ఐటీఐ ముగించి హైదరాబాదు వచ్చాను. బాలానగర్ వైపు ఒక ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీలో ఫిట్టరు పని. ఆ రోజుల్లో అలాంటి ఫ్యాక్టరీలకి క్వార్టర్సుతోపాటు గ్రౌండు, క్లబ్బు, ఆటల జట్లు ఉండేవి. పాత కార్మికుల్లో ఫుట్‌బాల్ పిచ్చివాళ్ళు చాలామంది. భోజనం వేళ టిఫిన్ డబ్బా మూత తీసిన దగ్గర్నుంచి రహీం సాబ్ కబుర్లే. నేను బాస్కెట్‌బాల్ వాణ్ణయినా ఆ కబుర్లు చెవులు రిక్కించుకుని వినేవాణ్ణి. ఎందుకంటే వాళ్ళు చెప్పే మనిషి అచ్చం మా డ్రిల్ మాస్టారిలా ఉన్నాడు.

సయ్యద్ అబ్దుల్ రహీం. కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్ళలో పాఠాలు చెప్పిన పంతులు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి. 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు బాధ్యత తీసుకున్నాడు. ఆ ఏడాదే డ్యూరాండ్ కప్పులో కలకత్తా మోహన్ బగాన్‌ని ఓడించారు. బొంబాయి రోవర్స్ కప్పు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు గెలిచారు. కలకత్తా క్లబ్బులకి డబ్బుంది, పేరుంది, దేశం నలుమూలలనుంచి ఆటగాళ్ళని తెచ్చుకునే దారి ఉంది. మనవాళ్ళు పగలు డ్యూటీ చేసుకునే పోలీసులు.

మరి ఎలా గెలిచారు? రహీం సాబ్ హైదరాబాదులో వింత వింత పోటీలు పెట్టేవాడట. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం. ఇంకోదాంట్లో బంతిని ఒక్కసారే తాకాలి, రెండోసారి తాకితే తప్పు. మరోదాంట్లో వాటం లేని కాలితోనే ఆడాలి. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఎక్కడి కృష్ణా జిల్లా డ్రిల్ మాస్టారు, ఎక్కడి చాదర్‌ఘాట్ పంతులు! ఒకరి ముఖం ఒకరు చూసి ఉండరు. ఇద్దరూ పిల్లల చేత, కుర్రాళ్ళ చేత మొదట మాన్పించింది ఒకటే: బంతిని తన దగ్గర అట్టిపెట్టుకోవడం.

అదే పద్ధతిని రహీం సాబ్ దేశం జట్టుకి పట్టుకెళ్ళాడు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలుపు. ఆ పోటీల్లో జర్నైల్ సింగ్ తలకి గాయమై కుట్లు పడ్డాయి. వెనక డిఫెన్స్‌లో నిలబడే ఆటగాణ్ణి రహీం సాబ్ ముందు వరసలోకి పంపాడు. ఫైనల్లో ఒక గోలు పి.కె. బెనర్జీది, రెండోది జర్నైల్‌ది. నా చోటు ఇది, నేను ఇక్కడే ఆడతాను అని జర్నైల్ భీష్మించుకుని కూర్చోలేదు. జట్టుకి ఎక్కడ అవసరమైతే అక్కడికి వెళ్ళాడు. మన సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం, చునీ గోస్వామి, బెనర్జీ, ముగ్గురూ ఎవరికి వారే ఒక జట్టుని మోయగల వాళ్ళు. అలాంటి ముగ్గురూ ఒకరి కోసం ఒకరు పరిగెత్తారు. మరుసటి ఏడాది జూన్‌లో రహీం సాబ్ క్యాన్సరుతో పోయాడు. 2024లో ఆయన మీద హిందీలో ‘మైదాన్’ సినిమా వచ్చిన తరవాతగానీ మా కాంప్లెక్సులో సగం మందికి ఆయన పేరు తెలియలేదు. ఆయన నడిచిన ఊళ్ళో ఉంటూ!

ఇక నా సొంత అనుభవం చెబుతాను. 1983లో ప్రభుత్వ రంగ సంస్థల మధ్య పోటీలు జరిగాయి. మా ఫ్యాక్టరీ జట్టులో ఇద్దరం ఫిట్టర్లం, ఒక టర్నరు, ఒక స్టోర్స్ గుమాస్తా, ఒక క్యాంటీన్ కుర్రాడు. అయిదుగురిలో ఆరడుగులు దాటినవాడు లేడు. సెమీఫైనల్లో మాకు తగిలిన జట్టులో ఒకాయన ఆరడుగుల నాలుగంగుళాలు, రాష్ట్రానికి ఆడినవాడు. అప్పటికి మన దగ్గర మూడు పాయింట్ల గీత లేదు. అది అంతర్జాతీయ నియమాల్లోకి 1984లో వచ్చింది. దూరం నుంచి వేసినా రెండే, దగ్గర నుంచి వేసినా రెండే. అలాంటప్పుడు రింగు కింద నిలబడ్డ పొడుగాటి మనిషే రాజు.

మేం ఆయన జోలికి పోలేదు. బంతిని ఈ మూలనుంచి ఆ మూలకి, ఆ మూలనుంచి మధ్యకి, మళ్ళీ ఈ మూలకి తిప్పాం. ఎవరి చేతిలోనూ రెండు క్షణాలకి మించి ఉంచలేదు. బంతిని చూడాలంటే ఆయన తల తిప్పాలి. ఆయన తల అటు తిరిగిందంటే ఇటు వీపు ఖాళీ. ఆ వీపు వెనకనుంచి మాలో ఒకడు దూరేవాడు. మనిషి ఎంత పొడుగైనా తల వెనక కళ్ళుండవు కదా. రెండో సగంలో ఆయనకి ఆయాసం వచ్చింది. బంతికి రాదు కదా ఆయాసం!

మేం 52, వాళ్ళు 47. వాళ్ళ 47లో ఆ పెద్దమనిషి ఒక్కడే 29 వేశాడు. మా 52 ఎలా వచ్చాయో వినండి: 13, 11, 10, 10, 8. ఆ ఎనిమిది నావి. మర్నాడు ఫ్యాక్టరీ గేటు దగ్గర “ఎవరు గెలిపించారు?” అని అడిగితే ఒక పేరు చెప్పడం మా వల్ల కాలేదు. ఆ రోజు మా కడుపు నిండడానికి అదొక్కటి చాలు.

ఇప్పుడు మా కోర్టుకి రండి. శనివారం ఉదయం కారులో ఒక కోచ్ వస్తాడు. ఒక్కో పిల్లాడికి విడిగా ముప్పావు గంట. విడిగా! అయిదుగురు కలిసి ఆడే ఆటకి ఒక్కొక్కరికి విడిగా పాఠం ఏమిటి? ఈతకైతే సరే, చదరంగానికైతే సరే. ఆ ముప్పావు గంట కాళ్ళ మధ్యనుంచి బంతి తిప్పడం, మూడు పాయింట్ల గీత దగ్గరనుంచి విసరడం. తండ్రి ఫోను స్టాండుకి బిగించి వీడియో తీస్తాడు. అరవై సార్లు విసిరితే పడిన నాలుగింటినీ కత్తిరించి, పాట జోడించి రీలు పెడతారు. పడని యాభై ఆరూ ఎటు పోయాయి? అందించిన పాసుకి రీలు ఎవరూ చెయ్యరు కాబట్టి పాసు ఇవ్వాలన్న ఆలోచన కూడా ఆ పిల్లాడికి రాదు.

పోయిన దసరా సెలవుల్లో చుట్టుపక్కల అపార్టుమెంట్ల పిల్లలకి పోటీ పెట్టారు. మా పిల్లాడొకడు రింగు కింద ఖాళీగా, ఒంటరిగా, రెండు చేతులూ ఎత్తి నిలబడి ఉన్నాడు. బంతి ఉన్నవాడు వాణ్ణి చూశాడు. నేను చూశాను వాడు చూడడం. అయినా ఇవ్వలేదు. బయటనుంచి వాళ్ళ నాన్న అరుస్తున్నాడు, “నువ్వే కొట్టు, ఎవరికీ ఇవ్వకు” అని. కొట్టాడు. పోయింది. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. నాలుగోసారి చూస్తే రింగు కింద పిల్లాడు చేతులు దించేసుకున్నాడు. ఆ తరవాత వాడు పరిగెత్తలేదు. అటూ ఇటూ నడిచాడు. జట్టు ఓడిపోయాక వాళ్ళ అమ్మ వాణ్ణే తిట్టింది, నువ్వు ఆడనే లేదని.

ఆ దించుకున్న చేతులు నాకు రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. ఆట అంతా ఆ చేతుల్లోనే ఉంది. బంతి వస్తుందన్న నమ్మకం ఉన్నవాడు పరిగెత్తుతాడు, ఖాళీ వెతుక్కుంటాడు, అవతలివాణ్ణి అడ్డుకోవడానికి ప్రాణం పెడతాడు. ఎంత పరిగెత్తినా రాదని తెలిసినవాడు నిలబడిపోతాడు. నలుగురు నిలబడిపోయాక అయిదోవాడు ఎంతటి మొనగాడైతే ఏం లాభం? పాసు అనేది మంచితనం కోసం చేసే దానం కాదు. మిగిలిన నలుగురి కాళ్ళని కదిలించేది అదే.

నిజాంపేట తల్లిదండ్రులు చదువుకున్నవాళ్ళు. సగం మంది హైటెక్ సిటీలోనో, గచ్చిబౌలిలోనో, నానక్‌రామ్‌గూడలోనో కంప్యూటర్ కొలువుల్లో ఉన్నారు. పొద్దస్తమానం టీమ్ మీటింగులు, టీమ్ లీడులు, టీమ్ ఔటింగులు. నోరు తెరిస్తే టీమ్ అనే మాటే. ఇంటికొచ్చి పిల్లాడికి మాత్రం ఎవరికీ ఇవ్వకు అని నేర్పుతారు. ఇది నాకు మింగుడుపడడం లేదు.

“తాతగారూ, మీ కాలం వేరు, ఇప్పుడంతా స్టార్లదే” అంటాడు మా మనవడు. వాడికి నేను 2004 సంగతి చెప్పాను. ఆ ఏడాది ఎన్‌బీఏ ఫైనల్లో లాస్ ఏంజెలెస్ లేకర్స్ తరఫున షకీల్ ఓనీల్, కోబీ బ్రయంట్, కార్ల్ మలోన్, గ్యారీ పేటన్ దిగారు. నాలుగు కొండలు. ఎదురుగా డెట్రాయిట్ పిస్టన్స్. వాళ్ళ సెంటర్ బెన్ వాలెస్‌ని కుర్రతనంలో డ్రాఫ్టులో ఒక్క జట్టూ ఎంచుకోలేదు. పాయింట్ గార్డు చాన్సీ బిలప్స్ జట్టు తరవాత జట్టు మారుతూ అక్కడికి చేరినవాడు. రిచర్డ్ హామిల్టన్, టేషాన్ ప్రిన్స్, రషీద్ వాలెస్ మిగిలిన ముగ్గురు. డెట్రాయిట్ 4-1తో గెలిచింది. మూడో ఆటలో ఆ నాలుగు కొండల జట్టుని 68 పాయింట్ల దగ్గర కట్టేసింది.

కథ అక్కడితో అయిపోలేదు. ఆ డెట్రాయిట్ కోచ్ లారీ బ్రౌనే రెండు నెలల తరవాత ఏథెన్స్ ఒలింపిక్స్‌కి అమెరికా జట్టుని తీసుకెళ్ళాడు. ఐవర్సన్, డంకన్, కుర్ర లెబ్రాన్ జేమ్స్, అందరూ పేరు మోసినవాళ్ళే. మొదటి ఆటలోనే ప్యూర్టోరికో చేతిలో 92-73తో ఓడారు. సెమీఫైనల్లో అర్జెంటీనా 89-81తో ఓడించింది. చివరికి కంచుతో సరిపెట్టుకున్నారు. ఒకే కోచ్, ఒకే వేసవి. ఏళ్ళ తరబడి కలిసి ఆడిన అర్జెంటీనా బంగారం ఎత్తుకుపోయింది. మనవడు విని, ఫోనులో వెతికి చూసుకుని, మారు మాట్లాడలేదు.

అంత దూరం ఎందుకు, ఇక్కడ గచ్చిబౌలి చాలదా? మన తెలుగు టైటన్స్ కబడ్డీ జట్టు 2023లో పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షలకి పైగా పెట్టి కొన్నది. అప్పటికి ప్రో కబడ్డీలో అంత ధర ఎవరికీ పలకలేదు. అతను గొప్ప రైడరే, ఒళ్ళు దాచుకోకుండా ఆడాడు. జట్టు మాత్రం 12 జట్లలో ఆఖరున నిలిచింది. ఆ సీజను ఫైనల్ 2024 మార్చి 1న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలోనే జరిగింది. మనవణ్ణి తీసుకుని వెళ్ళాను. పుణేరి పల్టన్ 28-25తో హర్యానా స్టీలర్స్‌ని ఓడించింది. ఆ రోజు పుణె జట్టుకి ఎక్కువ పాయింట్లు తెచ్చింది కెప్టెన్ అస్లం ఇనాందార్ కాదు, పంకజ్ మోహితే. ఒకడి రోజు కాకపోతే ఇంకొకడు లేచే జట్టు అది. అలాంటి జట్టుని పాడుకోడానికి వేలంపాట ఉండదు. కూర్చి, కలిపి, ఓపిగ్గా పెంచుకోవాలి.

మా రోజుల్లో అంతా బాగుండేదని నేను అనను. మా బళ్ళో ఆడపిల్లలు కిటికీలోంచి చూసేవాళ్ళు తప్ప కోర్టులోకి అడుగుపెట్టనిచ్చేవాళ్ళు కాదు. అది తప్పు. ఇప్పుడు మా కాంప్లెక్సులో ఆడపిల్లలు బూట్లు కట్టుకుని దిగుతుంటే నాకు సంతోషంగా ఉంటుంది. చెప్పుల్లేని కాళ్ళతో ఆడి మా మోకాళ్ళు పాడుచేసుకున్నాం. ఇప్పుడు నేల మెత్తన, బూట్లు మంచివి, లైట్లున్నాయి. ఇన్ని ఉన్నాయి కాబట్టే నా బాధ. మాకు లేనివన్నీ వీళ్ళకిచ్చి, మాకున్న ఒక్కటీ వీళ్ళ దగ్గర్నుంచి లాగేసుకున్నాం.

అందుకే ఉండబట్టలేక పోయిన నెల ఒక పని చేశాను. నూలు సంచీ ఒకటి పట్టుకెళ్ళి, నాలుగు బంతులు అందులో వేసి, మూతి కట్టి, బెంచీ కింద పెట్టాను. కోర్టులో ఒక్కటే ఉంచాను. మొదటి అరగంట బంతి నేలకి తగలకూడదన్నాను. గోల గోల చేశారు. ఇద్దరి తల్లిదండ్రులు వచ్చి, మా వాడి ప్రాక్టీసు పాడవుతోందండీ అన్నారు. ఆ ఇద్దరు పిల్లలూ మూడో రోజునుంచి మానేశారు. మిగిలినవాళ్ళు ముగ్గురు. చేతులు దించుకున్న పిల్లాడు వాళ్ళలో ఉన్నాడు. ఎదురు బ్లాకులోంచి ఏడో తరగతి అమ్మాయి ఒకతె వచ్చి చేరింది, ఇప్పుడు నలుగురు.

వారం రోజులు బంతి కిందపడడమే సరిపోయింది. విసిరేది ఒక చోటికి, మనిషి ఉండేది ఇంకో చోట. ఇవ్వడం ఎంత కష్టమైన విద్యో వాళ్ళకి అప్పుడు తెలిసింది. అవతలివాడు ఇప్పుడెక్కడున్నాడో చూసి విసిరితే చాలదు, మరుక్షణం ఎక్కడ ఉంటాడో ఊహించి విసరాలి. నిన్న సాయంత్రం ఆ అమ్మాయి బంతి పట్టుకుని అటు చూస్తూ ఇటు విసిరింది. ఆ పిల్లాడు రింగు కిందికి అప్పటికే పరుగు పెట్టాడు. చేతులు పైకెత్తే పరుగు పెట్టాడు.

రేపూ అయిదున్నరకి వెళ్తాను. ఎవరేమనుకున్నా సరే, నూలు సంచీ నా చేతిలో ఉంటుంది.